పిలవని దుకాణం

పన్నెండుకి ఇంకా రెండు నిమిషాలున్నాయనగా బాలశౌరి బొటనవేలు నాలుగువందల పన్నెండు మందిని పేరుపేరునా పిలిచేసింది. వేలు పిలిచిందనడమే న్యాయం, మనిషికి ఆ ఉద్దేశం లేదు. నలభై ఏళ్ళుగా పాలిష్ తాగి, జిగురు తాగి గరుకెక్కిన ఆ వేలిని ఫోను ఒక పట్టాన గుర్తుపట్టదు. ఒకసారి నొక్కితే కదలదు, రెండోసారి నొక్కితే అలుగుతుంది, మూడోసారి కాస్త కోపంగా నొక్కితే మూడు పనులూ కలిపి చేసేసి కూర్చుంటుంది. ఇప్పుడూ అదే జరిగింది. కొట్టు కోసం కూతురు వినీల పొద్దున ఫేస్‌బుక్‌లో పెట్టి వెళ్ళిన పేజీ ఎలా ఉందో చూద్దామని తెరిచాడు. ‘మీ స్నేహితులను ఆహ్వానించండి’ అని ఏదో అడ్డం వచ్చింది. దాన్ని పక్కకు తోసేద్దామని నొక్కితే పేర్ల పక్కన గళ్ళన్నింటిలోనూ టిక్కులు పడ్డాయి, ఆ టిక్కులు తీసేద్దామని ఇంకోసారి నొక్కితే ‘ఆహ్వానాలు పంపించాం’ అంది ఫోను, ఎంతో మర్యాదగా. ఇక ఊళ్ళోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ నాలుగువందల పన్నెండు జేబుల్లో ఒకే మాట మోగి ఉంటుంది: బాలశౌరి శవపేటికలు, వన్ టౌన్, విజయవాడ. ఈ పేజీని లైక్ చేయమని బాలశౌరి మిమ్మల్ని ఆహ్వానిస్తున్నారు.

ఆహ్వానిస్తున్నారట. పెట్టెల కొట్టువాడు ఆహ్వానిస్తున్నాడట. బాలశౌరి పనిబల్ల మీద కూలబడి, కళ్ళజోడు లుంగీ అంచుతో తుడుచుకుని, పేర్లు ఒక్కొక్కటే పైకి తోస్తూ చూశాడు. ఫాదర్‌గారు ఉన్నారు, ఫరవాలేదు, ఆయనకి ఈ కొట్టుతో ఎలాగూ పని పడుతూనే ఉంటుంది. కర్రల అడితి వాళ్ళున్నారు, ఫరవాలేదు. కిందటి వారం పెళ్ళయిన మేనకోడలు సుస్మిత ఉంది, అయ్యో. దాని అత్తగారు కూడా ఉంది, చచ్చాం. మనసులో అనుకున్న మాటకే నాలుక కరుచుకున్నాడు, ఈ కొట్లో ఆ మాట ఊరికే వాడరు. ఎవరి పేరు కోసం వెతుకుతున్నాడో వేలికి తెలుసు, కళ్ళకి తెలుసు, మనసొక్కటే తెలియనట్టు మేనకోడళ్ళ దగ్గరా అడితుల దగ్గరా ఆగి కాలక్షేపం చేస్తోంది. అయినా ‘జ’ రాక తప్పలేదు. జయపాల్. పక్కన చిన్న బొమ్మలో మెడలో ఈల వేసుకుని, ఎండకి కళ్ళు చికిలించి నవ్వుతున్న డ్రిల్లు మాస్టారు. పేరు పక్కన టిక్కు.

ఏడు నెలలుగా మంచం మీద ఉన్నాడు జయపాల్. కడుపులో గడ్డ. కోసి చూసిన డాక్టర్లు మళ్ళీ కుట్టేసి, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి వండిపెట్టమ్మా అని అతని భార్య మార్తతో చెప్పి పంపేశారు. ఉండేది కూచిపూడిలో, చల్లపల్లి బస్సెక్కితే రెండు గంటల ప్రయాణం, పెద్ద దూరమేం కాదు. ఈ ఏడు నెలల్లో చిన్నప్పటి స్నేహితుడు బాలశౌరి ఒక్కసారైనా వెళ్ళి చూడలేదు. అలాంటివాడి నుంచి ఇవాళ కబురందింది, అదీ ఇలాంటి కబురు. చూడటానికి రానివాడు పెట్టెల కొట్టుకి మాత్రం రమ్మంటున్నాడు, ఇంకా ఎంతకాలం కాచుకోవాలిరా అంటున్నాడు, అని అనుకోడూ? అనుకోకపోయినా ఆ మాట చదివిన కళ్ళతోనే ఇంటి కప్పుకేసి చూస్తూ పడుకోడూ? వినీల అయితే పంపినదాన్ని వెనక్కి తీసుకోగలదేమో, ఆ విద్యలన్నీ దానికి తెలుసు. కానీ వినీల కోచింగు కాలేజీలో లెక్కల మేడమ్, అక్కడ పిల్లలవీ మేడమ్‌లవీ ఫోన్లన్నీ పొద్దున్నే ఆఫీసులో పెట్టించుకుంటారు, మధ్యాహ్నం ఒంటిగంటకి గాని చేతికివ్వరు. ఒంటిగంట లోపల జయపాల్ ఫోను చూడకపోతే చాలు. మందుల మత్తులో నిద్రపోతూ ఉంటే చాలు. దేవా, వాణ్ణి ఒక్క గంట నిద్రపుచ్చు, అని మొక్కుకున్నాడు, మొక్కిన వెంటనే ఆ మొక్కు కూడా ఈ కొట్లో మొక్కదగ్గది కాదని తోచి శిలువ గుర్తు వేసుకున్నాడు.

నాన్న ఇన్నయ్య ఉంటే ఏమనేవాడో. ఏమీ అనేవాడు కాదు, చిత్రిక పట్టడం ఆపి ఒక్క చూపు చూసేవాడు, అది చాలు. పెట్టెలవాళ్ళు పిలవకూడదురా అని బతికున్నన్నాళ్ళూ చెప్పేవాడు. అందుకే ఈ కొట్టుకి యాభై ఏళ్ళుగా బోర్డు లేదు, సందులో గోనెసంచుల గోడౌన్‌కీ తాళ్ళ కొట్టుకీ మధ్య తెరిచి ఉన్న గుమ్మమే బోర్డు. ఎవరైనా మెట్టెక్కితే రండి అనకూడదు, లేచి నిలబడాలి, అంతే. కూర్చోమనకూడదు, వాళ్ళకై వాళ్ళు కూర్చుంటే మంచినీళ్ళివ్వాలి. వెళ్ళేటప్పుడు మళ్ళీ రండి అనకూడదు. వచ్చినవాళ్ళూ ఈ గుమ్మంలో వెళ్ళొస్తామండీ అనరు, కళ్ళు తుడుచుకుని తలవంచుకుని దిగిపోతారు. ముందుగా పెట్టె చేసి నిలవ పెట్టకూడదు. పలకలు కోసుకోవచ్చు, నునుపు చేసుకోవచ్చు, మేకు మాత్రం ఎవరో ఒకరు వచ్చి పేరు చెప్పాకే కొట్టాలి. మేకు చప్పుడు వినపడితే సందులో తోపుడుబళ్ళవాళ్ళు సైతం ఒక్క క్షణం ఆగి, ఎవరో పాపం అనుకుని కదులుతారు. వీటన్నింటికంటే పెద్ద నియమం ఇంకొకటి ఉంది, మనిషిని చూసేటప్పుడు మొహంలోకే చూడాలి. తల నుంచి కాళ్ళ దాకా చూడకూడదు, మన కన్ను మంచిది కాదురా, దానికి కొలవడం అలవాటైపోయింది అనేవాడు నాన్న. నిజమే, పెళ్ళిళ్ళకెళ్ళి పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని ఊపుతుంటే లోపల ఎవరో అయిదడుగుల ఎనిమిదంగుళాలు అని గొణుగుతారు. అందుకే బాలశౌరి పెళ్ళిళ్ళలో వెనక బెంచీలో కూర్చుని, అన్నం తిని, తొందరగా వచ్చేస్తాడు.

ఈ నియమాలన్నీ వినీలకి తెలుసు, చిన్నప్పటి నుంచీ విన్నదే. అయినా నెల రోజులుగా వెంటపడింది. నాన్నా, చావింట్లో కూడా ముందు ఫోనే తీస్తున్నారు, ఏడుపు తర్వాత, అంది. అబద్ధం కాదు. ఐస్ పెట్టెల వాళ్ళకి పేజీలున్నాయి, పువ్వుల బండి వాళ్ళకి పేజీలున్నాయి, ఎక్కడో తయారై లారీలో దిగే అట్టలాంటి చెక్కపెట్టెల వాళ్ళకి ఇంద్రధనుస్సులో రంగులన్నీ పెట్టి మరీ పేజీలున్నాయి. ఈ సందులో చేత్తో చిత్రిక పట్టి చేసే మనిషొకడున్నాడని కొత్త కాలనీల వాళ్ళకి ఎలా తెలియాలి? సరే కానీయమన్నాడు, కానీ పేరు దగ్గరే మొదటి పేచీ వచ్చింది. కొట్టుకి పేరు లేదు కదా అన్నాడు, పేరు లేకుండా పేజీ లేదు అంది. ఏ రకం వ్యాపారమో చెప్పమంటే చూపించిన రకాలన్నీ చదివి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. వచ్చినవారికి తనంతట తనే స్వాగతం చెప్పే ఏర్పాటు ఉందట, సుస్వాగతం, మీకు మేమెలా సాయపడగలం అని, అది మాత్రం ఒద్దమ్మా అని చేతులు జోడించాడు. చివరికి బొమ్మ. చేసిన పెట్టె బొమ్మ పెట్టాలంది. చేసిన పెట్టె లేదు, ఉండదు. ఒకటి చెయ్యి నాన్నా, ఫొటో తీసి మళ్ళీ విప్పేద్దాం అంది పిచ్చిపిల్ల. ఎవరి పేరు చెప్పి మేకు కొట్టను అన్నాడు బాలశౌరి, మెల్లగానే అన్నాడు, వినీల ఇంక ఆ మాట ఎత్తలేదు. ఇవాళ పొద్దున కాలేజీకి బయల్దేరుతూ ఎండ వాలుగా పడుతున్న గుమ్మం ముందు ఆగి, ఈ టేకు ఎంత బాగుందో, ఇదే పెడదాం, పనితనం ఇదే చెప్తుంది అని ద్వారబంధాన్ని దగ్గరగా ఫొటో తీసి పేజీకి తగిలించి, బస్సుకి టైమైపోయిందని పరిగెత్తింది.

ద్వారబంధం. బాలశౌరి తలెత్తి చూశాడు. ఫొటోలో పడిన ఆ గీతలు కొట్టు పనికి సంబంధించిన గుర్తులనుకుని ఉంటుంది వినీల, అతనూ చెప్పలేదు. కుడివైపు నిలువు కమ్మీ మీద వడ్రంగి పెన్సిలుతో గీసిన అడ్డగీతలు, ఒకదానిమీద ఒకటి నిచ్చెనమెట్లలా, ప్రతి గీత పక్కనా బా అనో జ అనో అక్షరం. జయపాల్ వాళ్ళ నాన్న రైల్వే గూడ్స్ షెడ్డులో పనిచేసేవాడు, ఇల్లు ఈ సందు చివరే. వాళ్ళది బాప్టిస్టు చర్చి, వీళ్ళది కథోలిక గుడి, ఆదివారం ఒక్కటే విడివిడిగా ఉండేవాళ్ళు. పదేళ్ళ వయసు నుంచి ప్రతి వేసవి సెలవుల్లోనూ ఈ కమ్మీకి వీపానించి నిలబడేవాళ్ళు. నాన్న చెవి మీది పెన్సిలు తీసి, రెప్ప కొట్టకుండా, నడినెత్తిన బద్ద ఆనించి గీత గీసేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే నాన్న మనుషుల్ని నిలబెట్టి కొలిచింది ఆ కొన్నిసార్లే. పెరిగేవాళ్ళని కొలిస్తే దోషం లేదురా అనేవాడు, ఎంతో సరదాగా. ప్రతి ఏడూ జ పైన ఉండేది, బా కింద. పదిహేనో ఏట బాలశౌరి మడమలు లేపి మోసం చేశాడు, జయపాల్ కనిపెట్టి కాళ్ళ మీద తొక్కాడు, నాన్న ఇద్దర్నీ కలిపి పొట్టు చిమ్మే చీపురుతో వాయించాడు. చివరి గీతకి రెండంగుళాల తేడా, జ దే గెలుపు. ఆ తర్వాత జయపాల్ డ్రిల్లు మాస్టారై పోయాడు, ఇతను పెట్టెలవాడై ఇక్కడే ఉండిపోయాడు, గీతలు గీయడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. ఇప్పుడా ఫొటోయే ఆహ్వానంతో పాటు వాడి చేతికి వెళ్ళి ఉంటుంది. వాడి కొలత ఉన్న గుమ్మం, కింద శవపేటికలు అన్న మాట. బాలశౌరి లేచి కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడు. టైము పన్నెండూ ఇరవై.

ఎందుకు వెళ్ళలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి బాలశౌరి దగ్గర ఒక కథ ఉంది. చాలా ఏళ్ళ కింద, గుడిలో పాఠాలు చెప్పే ఉపదేశిగారి అమ్మ మంచం పట్టిందంటే బత్తాయిలు పట్టుకుని వెళ్ళాడు. ఆ ముసలమ్మ చిన్నప్పుడు జపాలు నేర్పిన మనిషే, ఇతన్ని చూడగానే నాకు అప్పుడే వద్దయ్యా, ఇంకా వద్దు అని గోడవైపు తిరిగిపోయింది. నాలుగో రోజుకి కబురొచ్చింది, పెట్టె ఇతనే చేశాడు. అప్పటి నుంచి రోగుల ఇళ్ళకి వెళ్ళడు. ఇదే కథ మార్తకి కూడా ఫోనులో సగం సగం చెప్పాడు. నెలకోసారి ఆమె ఫోను చేసేది, ఆమె మాటల వెనకాల పక్కింట్లో డాన్సు నేర్చుకునే పిల్లల గజ్జెలు వినపడేవి. అన్నయ్యా, మిమ్మల్నే అడుగుతున్నారు అనేది. వస్తానమ్మా, పండగ వెళ్ళాక అనేవాడు, వానలు తగ్గాక అనేవాడు, ఈ ఆర్డరు అయ్యాక అని కూడా ఒకసారి అన్నాడు, అన్నాక సిగ్గుపడ్డాడు. రెండు నెలలుగా ఆమె అడగడం మానేసింది. ముసలమ్మ కథ నిజమే, కానీ జయపాల్ భయపడతాడా? పాము వచ్చిందంటే చూడటానికి ముందుకు పరిగెత్తే రకం వాడు. వాడు గోడవైపు తిరగడు. ఆ సంగతి ఏడు నెలలుగా తెలుసు, తెలిసే ముసలమ్మ వెనకాల దాక్కుంటున్నాడు. భయం వాడికి కాదు, తనకి. ఆ మంచం పక్కన నిలబడితే, చిక్కి సగమైన వాణ్ణి చూస్తే, ఈ పాడు కన్ను ఊరుకోదు. మొహంలో చూస్తూనే ఉంటాడు, అది మాత్రం దుప్పటి మీదుగా కాళ్ళ దాకా పాకిపోతుంది, లోపలి నుంచి అంకెలు చెప్పేస్తుంది. ఆ అంకెలు మోసుకుంటూ చల్లపల్లి బస్సులో రెండు గంటలు వెనక్కి రావడం తన వల్ల కాదు.

కన్ను సంగతి సరే, చేతుల సంగతి ఏం చెప్పాలి? వెనక గోడ మూల గోనెపట్టా కప్పి నాలుగు వేప పలకలున్నాయి. మూడు నెలల కింద అడితి నుంచి వచ్చిన సరుకులో ముడి లేకుండా, చీలిక లేకుండా, చెయ్యి పెడితే జారిపోయేంత మంచివి నాలుగే వచ్చాయి. అవి తీసి విడిగా పెట్టాడు. ఆ తర్వాత ఎన్ని పెట్టెలు చేసినా వాటి జోలికి పోలేదు. ఎవరి కోసం అని తనని తాను అడగలేదు, పొడుగు కాస్త ఎక్కువుంచి కోసినప్పుడు కూడా అడగలేదు. ఇప్పుడు, ఈ ఫోను చేతిలో పెట్టుకుని, ఆ గోనెపట్టా కేసి చూడలేక సందులోకి చూస్తూ కూర్చుంటే ఎవరూ అడగకుండానే జవాబు వచ్చి ఎదురుగా నిలబడింది. వెళ్ళి చూడలేదు గాని, పలకలు మాత్రం ఎంచిపెట్టాడు. బొటనవేలు ఇవాళ తప్పు చేసిందని తిట్టుకున్నాడు, మూడు నెలలుగా చేతులు రెండూ కలిసి చేస్తున్నది మరేమిటి? బాలశౌరికి ఏడుపొచ్చింది. ఎంతోమంది ఏడవడం చూసిన ఆ కొట్లో, వాళ్ళు కూర్చునే బెంచీ మీద కూర్చుని, కాసేపు వాళ్ళలాగే ఏడ్చాడు.

ఫోను మోగింది. జయపాలేనేమో అనుకున్నాడు గాని, మోగించింది జాన్‌బాబు, ఎలక్ట్రికల్ షాపు. ఏంటి శౌరన్నా, మా నాన్నకి ఎనభయ్యో పుట్టినరోజు, కేకు కోస్తా ఉన్నాం, నీ దగ్గర్నుంచి ఇన్విటేషన్ వచ్చింది అన్నాడు, కోపంగా కాదు, నవ్వాపుకుంటూ. వెనకాల ముసలాయన ఎవర్రా అంటున్నాడు. పొరపాటున వేలు తగిలిందని, నాన్నగారికి వందేళ్ళని, క్షమించమని బాలశౌరి ఒక్క ఊపిరిలో చెప్పుకున్నాడు. పెట్టేశాక ఇంకో మూడు లైకులు వచ్చాయి, అందులో ఒకటి ఫాదర్‌గారిది. సుస్మిత అత్తగారు ఏమీ అనలేదు, అది ఇంకా భయం. పన్నెండూ నలభై. తాళ్ళ కొట్టు బసవపున్నయ్య అరుగు మీద కూర్చుని క్యారేజీ విప్పాడు, గోంగూర వాసన సందంతా పరుచుకుంది. యాభై ఏళ్ళ పొరుగు, ఆయన భోజనానికి రమ్మంటాడు గాని బాలశౌరి మాత్రం ఎన్నడూ ఆయన్ని కొట్లోకి రమ్మని పిలవలేదు, ఆయనా ఆశించలేదు. పన్నెండూ నలభై ఎనిమిది. ఇంకో పన్నెండు నిమిషాలు పడుకోరా జయపాలూ, నీకు పుణ్యముంటుంది. అప్పుడు తెర మీద చిన్న గంట ఊగింది. జయపాల్ మీ పేజీని లైక్ చేశారు.

అంతే, ఇంకేం లేదు. తెల్లటి అద్దం మీద నీలం రంగు బొటనవేలు. కోపమో, వేళాకోళమో, ఏం తెలుస్తుంది వేలిని చూస్తే? బాలశౌరి దానికేసి చూస్తుండగానే వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజీ వచ్చింది. రెండుసార్లు నొక్కినా పలకలేదు, వేలిని లుంగీకి తుడిచి మూడోసారి మెత్తగా నొక్కాడు. ముందు గజ్జెల చప్పుడు వినపడింది, తర్వాత ఆయాసం, ఆ తర్వాత గొంతు. మైదానం ఆ చివరి నుంచి ఈ చివరికి వినపడే గొంతు ఇప్పుడు చెవి ఆనిస్తే గాని అందడం లేదు.

“ఒరే శౌరీ. పిలుపందిందిరా. ఒక్క పిలుపు పంపటానికి ఏడు నెలలు పట్టిందేంట్రా నీకు. మార్తకి చూపిచ్చా, నవ్వాలో ఏడవాలో తెలీక వంటింట్లోకి పోయింది. ఆ గుమ్మం బొమ్మ చూశా. పై గీత నాదే, ఇప్పటికీ. అయితే ఇప్పుడు కుంగిపోయాలే, నువ్వే పొడుగుంటావు. వచ్చి మా గుమ్మం మీద గీసుకుపో, గెలిచావని. పెన్సిలు తెచ్చుకో. టేపు మాత్రం తేమాక.” కాసేపు ఆయాసం. “నువ్వెందుకు రావట్లేదో నాకు తెల్దంటావా. మీ నాన్న చెప్పినట్టు మొహంలోకి చూడు, చాలు. నేను కూడా నీ మొహమే చూస్తా. రా.”

ఒంటిగంటకి వినీల ఫోను చేసింది. అప్పటికి ఆ మెసేజీ అయిదోసారి వింటున్నాడు. అటువైపు కంగారు, నాన్నా, అందరికీ వెళ్ళిపోయాయంట కదా, సుస్మిత మెసేజ్ పెట్టింది, నేను చూసి తీసేస్తా, ఏమీ నొక్కకు అంటోంది. “ఉండనీ అమ్మా” అన్నాడు బాలశౌరి. సుస్మిత అత్తగారికి రేపు తనే వెళ్ళి చెప్పుకుంటానన్నాడు, సాయంత్రం కొట్టు తెరవనని, అమ్మతో చెప్పమని, రాత్రికి కూచిపూడిలోనే ఉంటానని అన్నాడు. వినీల మెల్లగా, జయపాల్ మావయ్య దగ్గరికా అంది. అవునన్నాడు.

మూల గోనెపట్టా తీశాడు. నాలుగు పలకలనూ ఒక్కొక్కటే మోసుకొచ్చి మిగతా సరుకులో, ఏది ఏదో తెలియకుండా కలిపి నిలబెట్టాడు. జేబులో టేపు తీసి పనిబల్ల మీద పెట్టాడు, ఆ జేబు తేలికై కాస్త వింతగా అనిపించింది. లుంగీ మార్చి ప్యాంటు వేసుకున్నాడు, చొక్కా మీది పొట్టు దులుపుకున్నాడు, చెవి మీద పెన్సిలు ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. తలుపు వేసి తాళం పెట్టి, ద్వారబంధం మీద పై గీతని ఒకసారి వేలితో తాకి మెట్టు దిగాడు. బసవపున్నయ్య క్యారేజీ గిన్నెలు కడుక్కుంటున్నాడు.

“పున్నయ్యగారూ, వెళ్ళొస్తానండీ” అన్నాడు బాలశౌరి.

యాభై ఏళ్ళలో ఆ గుమ్మం ముందు నిలబడి ఎవరూ అనని మాట అది. బసవపున్నయ్య చేతిలో గిన్నె అలాగే పట్టుకుని అతని మొహంలోకి చూశాడు.

“మంచిది, వెళ్ళిరా” అన్నాడు.